మిర్చి నేలల్లో స్ప్రింగు ఎయిర్ రైఫిల్: భద్రత, గురి, గిట్టుబాటు

స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌లో మందుగుండు ఉండదు. ఉక్కు స్ప్రింగులో దాచిన బలమే సీసపు పెల్లెట్‌ను తోస్తుంది. బ్యారెల్‌ను మొదట్లో ఉన్న కీలు దగ్గర విరిచి కిందికి వంచితే లోపలి పిస్టన్ వెనక్కి జరుగుతూ స్ప్రింగును నొక్కుతుంది. ఒక కొక్కెం పిస్టన్‌ను అక్కడే పట్టి ఆపుతుంది. పెల్లెట్ పెట్టి, బ్యారెల్‌ను మళ్లీ మూసి ట్రిగ్గర్ నొక్కగానే కొక్కెం జారి పిస్టన్ ముందుకు దూకుతుంది. దాని ముందున్న గాలి సైకిల్ పంపులో మాదిరిగా ఇరుకు రంధ్రం వైపు నలిగి, వేడెక్కి, పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి నెడుతుంది. ఇదంతా సెకనులో వందో వంతు కాలంలో అయిపోతుంది. అయితే పెల్లెట్ బ్యారెల్ దాటేలోపే బరువైన పిస్టన్ కదలిక తుపాకీని మొదట వెనక్కి, ఆ వెంటనే ముందుకు కుదుపుతుంది. ఈ రైఫిల్ గురించిన మంచీ చెడ్డా చాలావరకు ఈ రెండు కుదుపుల్లోనే ఉన్నాయి.

వ్యవసాయానికీ ఈ తుపాకీకీ పాత సంబంధమే ఉంది. 1888లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ప్లిమత్ ఊళ్లో గాలిమరలు తయారు చేసే కంపెనీ ఒకటి, మర కొన్న రైతుకు కానుకగా చిన్న ఎయిర్ గన్ ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు మరల వ్యాపారం వెనకబడి, డెయిజీ పేరుతో తుపాకులే అసలు వ్యాపారమయ్యాయి. ఐరోపాలో జర్మనీ డయానా, ఇంగ్లండు బీఎస్‌ఏ రైఫిళ్లు పేరు తెచ్చుకున్నాయి. మన దేశంలో దొరికే స్ప్రింగు రైఫిళ్లలో చాలా వాటికి మూలం ఆ పాత జర్మన్ నమూనాలే. ముంబై ప్రాంతపు ప్రిసిహోల్ వంటి తయారీదారులు ఇటీవలి కాలంలో సొంత నమూనాలతో నాణ్యతను పెంచారు.

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో చాలామంది ఈ తుపాకీని మొదట చేతపట్టేది తిరునాళ్లలోనే. శివరాత్రికి కోటప్పకొండ కింద ప్రభల వెలుగులో బెలూన్ల బోర్డు పెట్టుకున్న అంగడిలో, పది రూపాయలో ఇరవయ్యో ఇచ్చి నాలుగైదు గుళ్లు పేలుస్తారు. ఇంటికి కొని తెచ్చుకునేవాళ్ల కారణాలు వేరు. మిర్చి తోట అంచున వాలే చిలకలు, దొడ్లో కోతులు, జిన్నింగ్ మిల్లు గోడౌన్‌లో పావురాలు, కొండవైపు పొలాల్లో పందులు, సెలవులకు వచ్చిన పిల్లల సరదా. ఈ కారణాల్లో దేనికి ఈ తుపాకీ పనికొస్తుందో, దేనికి పనికిరాదో తేల్చుకోకుండా కొన్న రైఫిల్ చివరికి అటకెక్కుతుంది, లేదా ఎవరినో గాయపరుస్తుంది.

బలాన్ని జౌళ్లలో కొలుస్తారు. పెల్లెట్ బరువును, వేగం వర్గాన్ని గుణించి అందులో సగం తీసుకుంటే వచ్చేదే దాని శక్తి. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో బయటపడితే 10 జౌళ్లు. అదే పెల్లెట్ 280 మీటర్ల వేగం అందుకుంటే దాదాపు 20 జౌళ్లు. వేగం నలభై శాతం పెరిగితే శక్తి రెట్టింపవుతుందన్నమాట. జర్మనీలో లైసెన్సు లేకుండా కొనగలిగేది 7.5 జౌళ్ల వరకే. బ్రిటన్ హద్దు 16 జౌళ్లకు కాస్త పైన. మన దేశంలో 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం ఆ హద్దు 20 జౌళ్లు, బ్యారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో .177 వంతు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాలి. 5.5 మిల్లీమీటర్ల రైఫిల్ ఎంత బలహీనమైనదైనా లైసెన్సు కిందికే వస్తుంది. ఈ సంగతి తెలియక ఎవరి దగ్గరో పాత .22 ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లు అక్రమ ఆయుధం ఇంట్లో పెట్టుకున్నవాళ్లే అవుతారు. లేత్ వర్క్‌షాపులో గట్టి స్ప్రింగు వేయించి హద్దు దాటించడం కూడా అంతే నేరం. పైగా అది దండగ పని: కుదుపు పెరిగి గురి చెడుతుంది, పిస్టన్ సీలు చిరుగుతుంది, కొక్కెం అరిగి తుపాకీ దానంతటదే పేలే స్థితికి వస్తుంది.

ఇక గురి సంగతి. స్ప్రింగు రైఫిల్‌కు సహజంగా ఉన్న గురి చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ, దాన్ని పిండుకోవడం మాత్రం అనుకున్నదానికంటే కష్టం. ఒక మోస్తరు దేశీయ రైఫిల్‌ను సరైన పెల్లెట్‌తో, ఓపికగా పేలిస్తే పది మీటర్ల దూరంలో అయిదు గుళ్లూ రెండు సెంటీమీటర్ల లోపు పడతాయి. అదే రైఫిల్ కొత్తవాడి చేతిలో అరచేయంత మేర చెదురుతుంది. తేడా ఆ రెండు కుదుపులది. మామూలు తుపాకీ లాగా గట్టిగా బిగించి పట్టుకుంటే పట్టు మారినప్పుడల్లా కుదుపు దారి మారి గుండు వేరేచోట పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు చేతిని తెరిచి, అరచేతి మీద రైఫిల్‌ను ఊరికే ఆనించి, భుజానికి తేలిగ్గా తాకించి, అది తన ఇష్టం వచ్చినట్టు కదలనిస్తారు. ఇసక మూట మీద, మంచె కర్ర మీద, గోడ మీద నేరుగా ఆనిస్తే గురి కుదురుతుందనుకోవడం పొరపాటు. గట్టి ఆనుడు మీద రైఫిల్ ఎగిరిపడుతుంది. పెల్లెట్ బయటికి పోయేదాకా, ఆ తర్వాత ఒక క్షణం కూడా, కంటిని సైటు మీదనే నిలపాలి.

పెల్లెట్ ఎంపిక మీద శ్రద్ధ పెట్టేవాళ్లు తక్కువ. నడుము సన్నగా, వెనక గంటలా విచ్చుకున్న ఆకారం ఉన్న సీసపు పెల్లెట్‌లోని మెత్తని అంచు బ్యారెల్ లోపలి గాడులను పట్టుకుని తిరుగుతుంది. ఆ తిరుగుడే దాన్ని తిన్నగా నడిపిస్తుంది. ఒకే డబ్బాలో నొక్కుకుపోయినవి, అంచు విరిగినవి ఉంటే గుళ్లు ఒకచోట పడక చెదిరిపోతాయి. ఒక్కో రైఫిల్‌కు ఒక్కో తయారీ నప్పుతుంది కాబట్టి రెండు మూడు రకాలు కాగితం మీద పేల్చి చూసుకోవడమే దారి. ఉక్కు గుళ్లు గాడులను అరగదీస్తాయి, గట్టి వస్తువుకు తగిలితే వెనక్కి తిరిగి వస్తాయి. తిరునాళ్ల అంగడి తుపాకుల గురి ఎందుకంత అధ్వానమంటే అరిగిన బ్యారెల్, వంగిన సైటు, ఏ రకమో తెలియని గుళ్లు అన్నీ అక్కడ కలుస్తాయి కనుక. అక్కడ బెలూన్ తప్పినవాడు తన గురిని నిందించుకోనక్కర్లేదు.

టెలిస్కోపు బిగిస్తే గురి దానంతటదే వస్తుందన్న నమ్మకం కూడా గట్టిగానే ఉంది. మామూలు రైఫిళ్ల కుదుపు వెనక్కి ఒక్కటే. స్ప్రింగు రైఫిల్ ముందుకు కూడా కొట్టడం వల్ల అందుకు తగినట్టు తయారు కాని టెలిస్కోపులోని అద్దాలు సడలిపోతాయి, బిగింపు జారుతుంది. ఇరవై మీటర్ల లోపు సాధనకు తుపాకీతో వచ్చిన ఇనప సైటే చాలు.

దూరం పెరిగేకొద్దీ లెక్క కఠినమవుతుంది. 200 మీటర్ల వేగంతో బయల్దేరిన పెల్లెట్ పది మీటర్లలో సెంటీమీటరు పైచిలుకు కిందికి దిగితే, ఇరవై మీటర్లలో అయిదున్నర, ముప్పై మీటర్లలో పద్నాలుగు సెంటీమీటర్ల దాకా దిగుతుంది. నలభై మీటర్లకు అది జానెడు దాటిపోతుంది. ఇది గాలి లేనప్పటి మాట. జెండా రెపరెపలాడేపాటి పక్కగాలి ముప్పై మీటర్లలో పెల్లెట్‌ను ఏడెనిమిది సెంటీమీటర్లు పక్కకు నెడుతుంది. నల్లరేగడి చేల మీద మాఘ, ఫాల్గుణాల్లో పొద్దెక్కాక వేడిగాలి తెరలు లేచి గురి చుక్కే వణుకుతుంది. రామచిలుక తల మూడు సెంటీమీటర్లు ఉంటుందేమో. ముప్పై మీటర్లలో దాని మీద పేల్చిన గుండు చాలాసార్లు తప్పిపోతుంది. తగిలినప్పుడు చంపదు, రెక్కనో కాలునో విరుస్తుంది. ఆ పిట్ట ఏ కంప కిందనో రెండు మూడు రోజులు బతికి చస్తుంది. గురి లెక్క తెలిసి కూడా దీన్ని పంటరక్షణ అనడం న్యాయం కాదు.

పంటరక్షణ సంగతి వివరంగా చూడాలి, ఈ ప్రాంతంలో తుపాకీ కొనడానికి చెప్పే మొదటి సాకు అదే కాబట్టి. మిర్చి కారాన్ని మనిషి నోరు, ఎలుక నోరు గుర్తుపట్టినట్టు పక్షి నోరు గుర్తుపట్టదు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ పక్షుల నరాల మీద పనిచేయదు. అందుకే చిలకలు పండుమిరపను నిర్భయంగా చీల్చి గింజ తింటాయి. నష్టం ఉంది, కానీ అది చెట్ల వరసకు దగ్గరున్న సాళ్లలో ఎక్కువ, తోట నడుమ తక్కువ. మిర్చి రైతును నిలువునా ముంచింది వేరే. 2021-22లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం తోటల్లో పూత మొత్తం రాల్చి, ఎకరాకు లక్షల్లో పెట్టుబడి పెట్టిన కౌలు రైతులను అప్పుల్లోకి తోసింది. దాని ముందు చిలక తిన్న కాయలు లెక్కలోకి రావు. కల్లంలో ఆరబోసిన మిర్చికి అకాల వర్షం, మంచు, దొంగల భయం ఎంత ఉంటాయో పిట్టల భయం అంత ఉండదు.

పత్తి చేలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ పక్షి రైతు పక్షం. శనగపచ్చ పురుగు, తెల్లదోమ కలిసి 1987-88లో ఈ రెండు జిల్లాల పత్తి రైతులను ఆత్మహత్యల దాకా తీసుకెళ్లిన చరిత్ర ఇంకా పెద్దవాళ్లకు గుర్తుంది. ఆ తర్వాత సమగ్ర సస్యరక్షణలో భాగంగా వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చిన పద్ధతుల్లో పక్షి స్థావరాలు ఒకటి. చేలో అక్కడక్కడా టీ ఆకారపు కర్రలు పాతితే ఏట్రింతలు, గోరువంకలు వాటి మీద వాలి పురుగులను ఏరుకు తింటాయి. ఒక చేలో కర్ర పాతి ఏట్రింతను పిలిచి, పక్క చేలో కుర్రాడి చేతికి ఎయిర్ గన్ ఇస్తే ఒక చేత్తో పెట్టింది మరో చేత్తో తీసేసినట్టే. ఆ కర్ర మీద కదలకుండా కూర్చున్న ఏట్రింత కంటే తేలికైన గురి ఆ పొలంలో మరొకటి దొరకదు, అందుకే ముందు పడేది అదే.

కోతిని, పందిని ఈ రైఫిల్ ఆపలేదు. పెల్లెట్ తగిలిన కోతి ఆ పూటకు పారిపోతుంది, మందతో మళ్లీ వస్తుంది. గాయం చీము పట్టిన కోతి మనుషుల మీదికి రావడం మామూలే. నల్లమల అంచున దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు పొలాల మీద పడే అడవిపందికి 20 జౌళ్ల దెబ్బ రేగిపోవడానికే పనికొస్తుంది. గోడౌన్ పావురాల మీద పేల్చిన గుళ్లు సిమెంటు రేకులకు చిల్లులు పెట్టి, తొలకరి వానకు బేళ్ల మీద నీళ్లు కారేలా చేస్తాయి. కిటికీలకు, దూలాల కింద వల బిగించడం చవకా, శాశ్వతమూ. చేలకైతే జొన్న కాలం నాటి మంచె, వడిసెల, డప్పు స్థానంలో ఇప్పుడు మెరుపు రిబ్బన్లు వచ్చాయి. వ్యవసాయ పక్షిశాస్త్రం మీద పనిచేసే అఖిల భారత పరిశోధనా పథకపు కేంద్రం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది. అది చెప్పే పద్ధతుల్లో రిబ్బన్లు, వలలు, గట్టు వెంట ఆకర్షక పంట ఉన్నాయి, తుపాకీ లేదు. కోతుల కోసం పీవీసీ గొట్టాలతో చేసే కార్బైడ్ తుపాకీ ఎయిర్ రైఫిల్ కంటే ప్రమాదకరం. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో అవి పేలి పిల్లల కళ్లు పోయాయి.

చట్టం కూడా ఈ వైపే నిలబడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గాయపరచడం కూడా వేట కిందికే వస్తుంది. 2022 సవరణ తర్వాత రామచిలుక రెండో షెడ్యూలులో ఉంది. దాన్ని కొట్టినవారికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నెమలి మొదటి షెడ్యూలులో ఉంది, శిక్ష ఇంకా పెద్దది. జంతువును గాయపరచగల ఏ పరికరమైనా ఈ చట్టం దృష్టిలో ఆయుధమే. కాబట్టి లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్‌తోనైనా అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టకూడదు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఈ మైదానాలకు పడమటి హద్దు. పెంపుడు కుక్క, పక్కింటి మేక మీద పేలిస్తే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్, జంతుహింస నిరోధక చట్టం వర్తిస్తాయి. 2021లో అరుణాచల్ ప్రదేశ్ ప్రభుత్వం ఎయిర్ గన్‌లు స్వచ్ఛందంగా అప్పగించమని ప్రజలను కోరింది. రెండు వేలకు పైగా తుపాకులు వచ్చి చేరాయి, అడవుల్లో పిట్టలు కరువవుతున్నాయన్న బాధ అక్కడి పల్లెలదే. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఊరి నడుమ చెట్ల మీద గూళ్లు పెట్టి పిల్లలను లేపుతున్నాయంటే, ఆ ఊళ్లో వాటి మీదికి రాయి విసరనివ్వకపోవడమే కారణం.

మనుషుల భద్రత దగ్గర మొదట వదులుకోవలసింది ఇది బొమ్మ తుపాకీ అన్న మాట. పెల్లెట్ సెకనుకు 100 మీటర్ల వేగంలోనే చర్మం చీల్చుకుని లోపలికి దిగగలదు. కన్నుకు అందులో సగం కూడా అక్కర్లేదు. మామూలు ఎయిర్ రైఫిల్ పెల్లెట్ బయటపడేది దానికి రెట్టింపు వేగంతో. పిల్లల కణతల దగ్గర ఎముక పలచన, ఛాతీ గోడ పలచన. పైకి కందిరీగ కుట్టినంత గాటే కనిపిస్తుంది, గుండు ఊపిరితిత్తిలో ఉండొచ్చు. కాబట్టి గాటు చిన్నదని ఇంట్లో పసుపు రాసి ఊరుకోకూడదు, ఎక్స్‌రే తీయాల్సిందే. కంట్లో తగిలితే నలపకూడదు, కడగకూడదు, గుండును తీయాలని చూడకూడదు. కంటి మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పులాంటిది బోర్లించి కట్టి, కంటి శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లాలి. సీసపు పెల్లెట్ అయస్కాంతానికి అంటదు, ఉక్కు గుండు అంటుంది. ఏది తగిలిందో డాక్టరుకు చెప్పకుండా ఎంఆర్‌ఐకి పంపితే ఉక్కు గుండు కన్ను లోపలే కదిలిపోతుంది.

తప్పిన పెల్లెట్ రెండు మూడు వందల మీటర్లు పోగలదు. మిర్చి కోతల కాలంలో ఈ పొలాల్లో ఏ సాలు మాటున ఎంతమంది కూలీలు వంగి కాయ కోస్తున్నారో గట్టు మీద నిలబడ్డవాడికి కనిపించదు. అందుకే వెనక మట్టికట్ట లేనిచోట పేల్చడం ఈ మైదానాల్లో ఎక్కడా క్షమించరాని పని. ఇంటి ఆవరణలో సాధనకైతే ముందు భాగం తెరిచిన చెక్కపెట్టెలో పాత గుడ్డలు గట్టిగా కుక్కి, వెనక మూడు మిల్లీమీటర్ల ఇనప పలక పెడితే పెల్లెట్ అందులోనే ఆగిపోతుంది. సీసపు మురికి గోళ్లలో చేరకుండా పేల్చాక చేతులు సబ్బుతో కడగాలి, పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు అసలే వద్దు.

పేల్చేవాడికే వచ్చే ప్రమాదం ఒకటి ఉంది. బ్యారెల్ వంచి పెల్లెట్ పెడుతుండగా ట్రిగ్గర్ తగిలినా, అరిగిన కొక్కెం జారినా, బ్యారెల్ కత్తెరలా పైకి కొట్టి వేళ్లు నలుగుతాయి. పెల్లెట్ పెట్టి మూసేదాకా బ్యారెల్‌ను రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలి. పక్కన మీట ఉన్న రకాల్లో పళ్ల చక్రం అడ్డుపడుతుంది కానీ దాని మీదే భారం వేయకూడదు. ఎక్కుపెట్టిన తుపాకీని మూల నిలబెట్టి పోవడం ఇళ్లలో జరిగే ప్రమాదాలకు పెద్ద కారణం. తుపాకీ, పెల్లెట్లు వేర్వేరు బీరువాల్లో ఉండాలి.

విలువ మాటకొస్తే, అయిదారు వేల నుంచి పాతిక వేల లోపు మంచి దేశీయ స్ప్రింగు రైఫిల్ దొరుకుతుంది. డీలరు గుర్తింపు, చిరునామా పత్రాలు తీసుకుంటాడు. బిల్లు జాగ్రత్త చేసుకోవాలి, శక్తి ఎంతో అందులో రాయించుకోవాలి. ఒక డబ్బా పెల్లెట్లు నెలంతా సాధనకు సరిపోతాయి. గాలి సిలిండరు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. పొలం కాపలాకు ఈ డబ్బు దండగ. గురి నేర్చుకోవడానికి మాత్రం దీనికి సాటి లేదు: తప్పును దాచని తుపాకీ ఇది. పట్టు చెదిరితే, ఊపిరి తప్పితే, ట్రిగ్గర్ గుంజితే వెంటనే కాగితం మీద చూపిస్తుంది.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో చేరింది. పశ్చిమ జర్మనీ ఫెయిన్‌వెర్క్‌బౌ కంపెనీ కుదుపును మింగేసేలా పై భాగం జారే స్ప్రింగు రైఫిళ్లు చేసి ఒకప్పుడు పోటీలను ఏలింది. ఇప్పుడు పోటీల్లో నింపిన గాలితో పనిచేసే రైఫిళ్లే, ధర రెండు మూడు లక్షలు. అక్కడి గురి చుక్క అర మిల్లీమీటరు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం, 2012 లండన్‌లో హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది దాని మీదే. గుంటూరు కుర్రాడు ముకేష్ నేలవల్లి 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో పిస్టల్‌తో పతకాలు గెలిచాడు. పిల్లవాడికి ఆసక్తి ఉందనిపిస్తే స్ప్రింగు రైఫిల్‌తో ఆరు నెలలు కాగితం మీద సాధన చేయించి, నిలబడితే శిక్షకుడున్న రేంజికి పంపడం మంచి వరస. మొదటే లక్షలు పెట్టి కొనడం తొందరపాటు.

ఈ వాతావరణంలో తుపాకీని కాపాడుకోవడం కూడా ఖర్చు కిందే లెక్క. బాపట్ల, చీరాల, ఒంగోలు వైపు ఉప్పుగాలికి వాన కాలంలో వారం తిరక్కుండా బ్యారెల్ మీద తుప్పు పొడసూపుతుంది, పైన పలచగా నూనె తుడవాలి. పిస్టన్ గదిలోకి మాత్రం నూనె పోయకూడదు. నలిగిన గాలి వేడికి అది అంటుకుని పొగ, పెద్ద చప్పుడు వచ్చి, పెల్లెట్ హద్దు దాటిన వేగంతో పోతుంది, సీలు మాడుతుంది. రెంటచింతల ఎండల్లో జీపులో వదిలేసిన తుపాకీలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పాత రైఫిళ్ల తోలు సీలుకు నెలకో చుక్క ప్రత్యేకమైన నూనె పడితే చాలు. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చడం, రాత్రంతా ఎక్కుపెట్టి ఉంచడం రెండూ స్ప్రింగు ఆయుష్షును తీసేస్తాయి. పాతది కొనేటప్పుడు బ్యారెల్ కీలు ఊగుతోందేమో, ఎక్కుపెట్టి పక్కకు కదిపితే కొక్కెం నిలుస్తుందో లేదో, వంచేటప్పుడు స్ప్రింగు కరకరమంటోందేమో చూడాలి. రంధ్రం 4.5 మిల్లీమీటర్లేనా అని కొలిపించి, అమ్మినవారి చేత రాతపూర్వకంగా రసీదు తీసుకున్నాకే డబ్బు చేతికివ్వాలి.